ఫొటోకు పౌడర్ ఎంత పుయ్యాలె?

పదేండ్ల కిందటి ముచ్చట. మా ఊరి చెరువు శిఖంల రాత్రిళ్లు మొరం పోస్తున్నరని ఎరుకైంది. నేను, ఇంకో ఇద్దరు పిలగాండ్లు కలిసి పొద్దుగాల ఐదు గొట్టంగ కట్ట మీదికి పోయినం. పోయేసరికి మూడు టిప్పర్లు నిలవడి ఉన్నయి. ఫోన్ తీసి, కెమెరా తెరిచి, పట్టేలోపట్నే రెండు వెళ్లిపోయినయి. దొరికింది ఒక్కటే. దాన్నే అటు నుంచి ఇటు నుంచి 11 ఫొటోలు తీసిన.

ఇంటికొచ్చి చూసుకుంటే మనసున వట్టలే. కండ్లతోని చూసింది మూడు, ఫొటోల ఉన్నది ఒకటి. మాతోని వచ్చిన పిలగాండ్లల్ల ఒకడు ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపుల పని చేస్తుండె. "అన్నా, పరేషాన్ గాకు, ఐదు నిమిషాలల్ల మూడు చేస్త" అన్నడు. చేసిండు. మస్తు కుదిరింది. ఇది అబద్ధమేం కాదు గదా, ఉన్నవి మూడే గదా అని నాకు నేనే చెప్పుకున్న.

సోమవారం నాడు దరఖాస్తుకు ఆ ఫొటోలన్నీ జోడించి ఒక ఆఫీసుల ఇచ్చిన. అన్నిటికంటె మీద పెట్టింది ఆ మూడు టిప్పర్ల ఫొటోనే. అక్కడి సారు దాన్ని చానాసేపు చూసిండు. నన్ను దగ్గరికి పిలిచి వేలు పెట్టి చూపెట్టిండు. మూడిటికి ఒక్కటే నంబరు. మూడిటి బంపర్ మీద ఒక్కతీరు సొట్ట. "ఈ మూడు ఒక్క కాన్పుల పుట్టినయా?" అన్నడు. రూముల ఉన్నోళ్లందరు నవ్విండ్రు. "ఇది తయారు చేసినోళ్లు మిగతావి తయారు చెయ్యలేదని ఎట్ల నమ్మాలె?" అని దరఖాస్తు పక్కకు పెట్టిండు.

మిగతా పది ఫొటోలు నూటికి నూరుపాళ్లు నిజం. వాటిని ఎవ్వలు తిప్పి సుత చూడలే.

ఆ సిగ్గు నన్ను ఇంకా ఇడిసిపెట్టలే. ఇప్పుడు ఊరూరికి ఫోన్లు వచ్చినయి, ప్రతి ఫోన్ల ఎడిటింగ్ యాప్ ఉన్నది. తమ్ముండ్లు, చెల్లెండ్లు ఫోన్ చేసి అడుగుతుంటరు: "అన్నా, ఫొటోను ఎంతవరకు ఎడిట్ చెయ్యొచ్చు? ఎక్కడ ఆగాలె?" నేను కోర్సు చేసిన ఫొటోగ్రాఫర్ ను కాదు. తప్పులు చేసుకుంట, చదువుకుంట, తెలిసినోళ్లను అడుగుకుంట నేర్చుకున్న. అట్ల నాకు సమజైంది మీ ముందట పెడుతున్న.

మెరుగు పెట్టుడు ఇయ్యాల్టిది కాదు

కొందరు "అసలు ఎడిటింగే తప్పు, ఫొటో తీసినట్టే ఉండాలె" అంటరు. వినెటందుకు మంచిగనే ఉంటది. కని గట్ల ఉన్న ఫొటో ఎన్నడూ లేదు.

మన హైదరాబాద్ నే తీసుకోండ్రి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువుల రాజా దీన్ దయాళ్ అనే గొప్ప ఫొటోగ్రాఫర్ ఉండె. 1880లల్ల సికింద్రాబాద్ ల స్టూడియో పెట్టిండు. ఆ కాలంల గాజు పలకల మీద ఫొటో తీస్తుండిరి. దేశ దేశాలల్ల స్టూడియోలు నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్ తోని గీకి మొఖం మీది ముడతలు, మచ్చలు మాయం చేస్తుండె. మన దేశంల అయితే నల్ల తెలుపు ఫొటో మీద కుంచె పట్టి చీరెకు, నగలకు రంగులేసే పనే ఒక కళ లెక్క నడిసింది.

తర్వాత రీలు కెమెరాలు వచ్చినయి. డార్క్ రూంల ప్రింటు తీసేటప్పుడు కాగితం మీద వెలుగు పడుతది. ఎక్కడన్న మరీ నల్లగ వస్తదనిపిస్తే అక్కడ చెయ్యి అడ్డం పెట్టి వెలుగు తగ్గిస్తరు, ఆ జాగ తెల్లబడుతది. ఎక్కడన్న మరీ తెల్లగ ఉంటే అక్కడ ఇంకింత వెలుగు పడనిస్తరు, ఆ జాగ నల్లబడుతది. ఇప్పుడు మీ ఫోన్ల షాడోస్, హైలైట్స్ అని జరిపే గీతలు ఉంటయి గదా, అవి చేసేది ఆ చెయ్యి చేసిన పనే.

ఇంకో ముచ్చట ఇనుండ్రి. మీరు ఏ యాప్ తెరవకున్నా మీ ఫోనే ఎడిట్ చేస్తది. మీరు ఒక్కసారి ఒత్తితే అది నాలుగైదు ఫొటోలు తీసి, అన్నిట్ల మంచిగున్నది ఏరుకొని ఒకటి చేస్తది. చీకట్ల తీస్తే వెలుగు పెంచుతది, అంచులు పదును చేస్తది. చానా ఫోన్లు అడగకముందే మొఖం నునుపు చేస్తయి. 2023ల సాంసంగ్ ఫోన్ల చందమామ ఫొటో మీద పెద్ద రచ్చ అయింది. ఒకాయన చందమామ బొమ్మను కావాలని మసక చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, చీకటి రూంల ఆ ఫోన్ తోని ఫొటో తీసిండు. మసక బొమ్మల లేని గుంతలు, మచ్చలు ఫోన్ తీసిన ఫొటోల వచ్చినయి. చందమామ ఎట్లుంటదో ఫోన్ కు ముందే నేర్పిచ్చిండ్రు, అది నింపింది.

అందుకే "ఎడిట్ చేసిండ్రా లేదా" అని అడిగితే లాభం లేదు. ఏం చేసిండ్రు, ఆ ఫొటో ఎవలకు ఏం చెప్తుందని చేసిండ్రు అని అడగాలె. నేను ఎడిటింగ్ ను మూడు కుప్పలు పోసుకున్న. ఒక్కో కుప్పకు ఒక్కో లెక్క.

మొదటి కుప్ప: వెలుగు, రంగు, కత్తిరింపు

ఆకుపచ్చ పట్టా కింద ధర్నాకు కూసున్న కూలోళ్ల ఫొటో తీస్తే మొఖాలన్నీ ఆకుపచ్చగ వస్తయి. రంగును సరిచేస్తే మనుషులు మనుషుల్లెక్క కనవడుతరు. మిట్ట మధ్యాహ్నం ఆకాశం వెనుక ఉంటె ముందట నిలవడ్డ రైతు మొఖం మసిబొగ్గు లెక్క వస్తది. కన్ను చూసినంత వెలుగు కెమెరా పట్టలేదు. ఆ నీడను జర లేపితే ఆయన కండ్లు కనవడుతయి. వంకరవోయిన ఫొటోను సాపు చేసుడు, అంచున అడ్డమొచ్చిన మీ బొటనవేలును కత్తిరించుడు కూడ ఇట్లాంటియే.

ఇవి చెయ్యొచ్చు. చెయ్యాలె సుత. దునియాల అన్నిటికంటె గట్టి నియమాలు ఉన్న వార్తా సంస్థల్ల అసోసియేటెడ్ ప్రెస్ ఒకటి. వాళ్లు సుత కత్తిరింపును, మామూలు వెలుగు రంగుల సవరింపును ఒప్పుకుంటరు, అసలు దృశ్యానికి దగ్గరికి తెచ్చేటంత వరకు. ఫ్లాష్ కు కండ్లు ఎర్రగ వస్తయి గదా, దాన్ని నల్లగ చేసుడు మాత్రం వాళ్ల దగ్గర కుదరదు.

అయితే ఏది కలపకుండ, ఏది తీసెయ్యకుండ వట్టి వెలుగుతోనే అబద్ధం చెప్పొచ్చు. 1994 జూన్ ల అమెరికాల ఓ.జె. సింప్సన్ అనే పేరుమోసిన నల్లజాతి ఆటగాన్ని హత్య కేసుల పోలీసులు పట్టుకున్నరు. పోలీసులు తీసిన ఒక్కటే ఫొటోను టైమ్, న్యూస్‌వీక్ రెండు పత్రికలు అట్ట మీద వేసినయి. న్యూస్‌వీక్ ఉన్నది ఉన్నట్టు వేసింది. టైమ్ ఆయన మొఖాన్ని ఇంకా నల్లగ, చుట్టూ చీకటి చేసి వేసింది. రెండు పత్రికలు పక్కపక్కకు దుకాణంల ఉంటె జనానికి తేడా కొట్టొచ్చినట్టు కనవడ్డది. కేసు తేలకముందే నలుపును నేరం లెక్క చూపెట్టిండ్రని దేశమంత గరమైంది.

కత్తిరింపుతోని సుత అంతే. ధర్నాల ముప్పై మంది ఉంటె, ఖాళీ జాగ కనవడకుండ దగ్గరికి కోస్తే మూడు వందల మంది అనిపిస్తది. మనమే చేసినం, నేను సుత చేసిన. ఎదుటోళ్లు దూరం నుంచి తీసిన ఫొటో బయటపెడితే మన మొఖం ఎక్కడ పెట్టుకుంటం?

ఈ కుప్పకు నా లెక్క ఒకటున్నది. పక్కపొంటి నిలవడ్డోని పరీక్ష అంట నేను. ఆ టైంల నా పక్కకు నిలవడ్డ మనిషికి ఎడిట్ చేసిన ఫొటో చూపెడితే "అవ్, గిట్లనే ఉండె" అనాలె. "గింత పచ్చగ ఉండెనా?" అని ఆయన అడిగినాడు నేను గీత దాటినట్టే.

రెండో కుప్ప: కలుపుడు, తీసేసుడు

నేను ఆ టిప్పర్ల కాడ చేసిన తప్పు దునియాల పేరున్న ఫొటోగ్రాఫర్లు సుత చేసిండ్రని తర్వాత చదివిన. చదువుతుంటె నా కథే చదివినట్టు అనిపించింది.

2003 మార్చిల ఇరాక్ యుద్ధం. లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ బ్రయన్ వాల్స్కీ బాస్రా దగ్గర ఒక బ్రిటన్ సైనికుడు జనానికి చేత్తోని సైగ చేస్తున్న ఫొటోలు తీసిండు. ఒక ఫొటోల సైనికుడు మంచిగ వచ్చిండు, ఇంకోదాంట్ల బిడ్డను ఎత్తుకున్న మనిషి మంచిగ వచ్చిండు. రెండిటిని కలిపి ఒకటి చేసిండు. మొదటి పేజీల వచ్చింది. వెనుక కూసున్న జనంల కొందరు రెండు జాగలల్ల కనవడుతున్నరని ఇంకో పత్రికల పని చేసేటోళ్లు పట్టిండ్రు. వాల్స్కీ నౌకరీ పోయింది. నా మూడు టిప్పర్లకు ఒక్కటే నంబరు ఉన్నట్టే.

2006 ఆగస్టుల ఇజ్రాయెల్ లెబనాన్ మీద బాంబులేస్తుండె. రాయిటర్స్ కు ఫొటోలు పంపే అద్నాన్ హజ్ బీరూట్ మీద లేచిన పొగను కాపీ కొట్టి ఇంకా దట్టం చేసిండు. ఇంకో ఫొటోల యుద్ధ విమానం నుంచి పడుతున్న ఒక్క నిప్పుముద్దను మూడు చేసిండు. ఒకటిని మూడు! రాయిటర్స్ ఆయనతోని పని బంద్ చేసి, ఆయన తీసిన 920 ఫొటోలను అమ్మకం నుంచి తీసేసింది. బాంబులు పడ్డది నిజం, ఇండ్లు కూలింది నిజం, జనం సచ్చింది నిజం. కని "ఆ యుద్ధం ఫొటోలన్నీ దొంగవే" అనేటోళ్లకు ఆయన తన చేతులతోని ఆయుధం ఇచ్చిండు.

సిరియా యుద్ధంల పని చేసిన నార్సిసో కాంట్రెరాస్ ముచ్చట ఇంకా బాధ. 2013ల పులిట్జర్ బహుమతి గెలిచిన అసోసియేటెడ్ ప్రెస్ జట్టుల ఆయన ఉన్నడు. ఒక ఫొటోల మూలకు తోటి విలేకరి వీడియో కెమెరా కనవడుతుందని దాన్ని చెరిపి నేల లెక్క చేసిండు. అంతే. ఆ కెమెరాకు యుద్ధంతోని ఏం సంబంధం లేదు. తప్పయిందని ఆయనే సంస్థకు చెప్పిండు. వాళ్లు ఆయన తీసిన దగ్గరదగ్గర 500 ఫొటోలు పరీక్ష చేస్తే ఇంకెక్కడ తప్పు దొరకలే. అయినా 2014 జనవరిల సంబంధం తెంపుకున్నరు.

ఇది మరీ ఎక్కువ శిక్ష అని నాకు సుత మొదట అనిపించింది. తర్వాత ఆలోచన చేసిన. చూసేటోనికి ఏది చిన్నగ చెరిపిండ్రు, ఏది పెద్దగ చెరిపిండ్రు అని ఎట్ల తెలుస్తది? ఒకటి చెరిపిండని తెలిసినంక ప్రతి ఫొటోల "ఇక్కడ ఏమన్న ఉండెనా?" అని వెతుకుతడు. అనుమానం ఫొటో మీదికెళ్లి మనిషి మీదికి పాకుతది.

సర్కారుకు సుత ఇదే లెక్క. 2015 డిసెంబర్ ల చెన్నైల వరదలు వచ్చినప్పుడు ప్రధానమంత్రి గాలిమోటర్ల తిరిగి చూసిండు. కేంద్ర సర్కారు వార్తలిచ్చే పీఐబీ, కిటికీల కెళ్లి మునిగిన ఇండ్లు స్పష్టంగ కనవడేటట్టు ఇంకో ఫొటో అతికించి ట్విట్టర్ల పెట్టింది. జనం గంటల్లనే పట్టిండ్రు. ఫొటో తీసేసి, రెండు ఫొటోలు కలిపినమని ఒప్పుకున్నరు. ఆయన పోయింది నిజం, వరద నిజం. కని ఇయ్యాల్టికి ఆ పొద్దు ఫొటో అంటే జనానికి నవ్వులాటనే యాదికొస్తది. గంత పెద్ద సర్కారుకే గట్లయితే, ఒక దరఖాస్తు పట్టుకొని పోయిన మనం ఎంత?

కాబట్టి ఈ కుప్పకు ఒక్కటే మాట. ఫొటో దేనికన్న సాక్ష్యం అయితే ఏది కలపొద్దు, ఏది తీసెయ్యొద్దు. కరెంటు తీగ అడ్డమొచ్చినా, మన జెండా సగమే కనవడినా, పేపర్ ప్లేట్లు కింద పడి ఉన్నా, ఉండనియ్యాలె. పుట్టినరోజు ఫ్లెక్సీ, సినిమా పోస్టర్, పండుగ గ్రీటింగ్ అయితే మీ ఇష్టం, హీరోను పులి మీద కూసోబెట్టండ్రి. అది నిజమని ఎవ్వలూ అనుకోరు. ఏఐ తోని చేసిన బొమ్మ అయితే అదే మాట దాని మీద రాయండ్రి.

ఫొటోనే కూలి అయిన కాడ

ఇదంత పత్రికలోళ్ల ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. ఊరోళ్ల బువ్వ ఇప్పుడు ఫొటో మీద ఆధారపడ్డది. ఉపాధి హామీల, అదే మన కరువు పనిల, 2023 జనవరి 1 సంది అన్ని పని జాగలల్ల ఎన్ఎంఎంఎస్ అనే యాప్ తోని రోజుకు రెండుసార్లు కూలోళ్ల ఫొటో తీసి ఎక్కించుడు తప్పనిసరి చేసిండ్రు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే చెమటోడ్చిన రోజు లెక్కలకు రాక ఎంతమంది ఆడోళ్లు గోస పడ్డరో మీకు ఎరుకే.

అటు దిక్కు మోసం ఆగిందా? 2025 జులైల కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖనే రాష్ట్రాలకు చిట్టి రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నరని, ఫొటోను చూసి ఫొటో తీసి పెడుతున్నరని, ఫొటోల ఉన్న మందికి హాజరుల ఉన్న మందికి లెక్క కుదురుతలేదని. ఇగ ఆ ఫొటోలను మళ్ల మనుషులే కూసొని సరిచూడాలని చెప్పింది. మనిషి మాటను నమ్మక ఫొటో తెచ్చిండ్రు, ఫొటోను నమ్మలేక మళ్ల మనిషి దగ్గరికే వచ్చిండ్రు. నడుమల నలిగింది ఎండల నిలవడి ఫొటో దిగిన కూలోళ్లు.

పంట నష్టం, గోడ కూలుడు, కాలువ తెగుడు, అన్నిటికి ఇప్పుడు ఫొటో అడుగుతరు. ఒక్కలు చేసిన దొంగ ఫొటో పక్కింటోళ్ల నిజం ఫొటోను సుత చెడగొడుతది.

మూడో కుప్ప: మొఖం, మేని రంగు

ఇది చెప్పుడు నాకు కష్టం. అయినా చెప్పాలె.

మా అవ్వ పోయి ఆరేండ్లయితంది. జిందగీ అంత నాట్లేసింది, కలుపు తీసింది. ఎండకు కమిలిన నలుపు మొఖం, గదుమ మీద మూడు చుక్కల పచ్చబొట్టు. దినాలకు పటం కట్టిద్దామని, మాకున్న ఒక్క మంచి ఫొటోను స్టూడియోల ఇచ్చినం. తెచ్చి గోడకు పెడితే మా చిన్నమ్మ చానాసేపు చూసి, "గీమె ఎవలు కొడుకా?" అన్నది.

మొఖం పాలు పోసినట్టు తెల్లగున్నది. పచ్చబొట్టు లేదు. ముడతలు లేవు. ఎన్నడూ కట్టని పట్టుచీరె కట్టి ఉన్నది. స్టూడియో పిలగానిది తప్పనలేను. ఆయన నా మీద గౌరవంతోనే చేసిండు. "అందరు గట్లనే అడుగుతరన్నా" అన్నడు. నిజమే. పటాలకు గట్లనే అడుగుతం, సంబంధాలకు పంపే పిల్లల ఫొటోలకు ఇంకా ఎక్కువ అడుగుతం. పెండ్లిచూపుల నాడు ఫొటోను, పిల్లను పక్కపక్కకు పెట్టి చూస్తరు. అవమానం స్టూడియోకు గాదు, ఆ పిల్లకు అయితది.

ఈ తెలుపు పిచ్చి ఫోన్లు వచ్చినంక పుట్టింది గాదు. కలర్ రీళ్ల కాలంల కొడాక్ కంపెనీ ప్రింటు తీసే ల్యాబులకు రంగు సరిచూసుకునేటందుకు ఒక కార్డు పంపుతుండె. దాని మీద తెల్లామె బొమ్మ ఉంటుండె. షర్లీ కార్డు అనేటోళ్లు. ఆ తెల్లామె మంచిగ కనవడితే చాలు, రంగు సరిగ్గ ఉన్నట్టు లెక్క. నల్లటోళ్ల మొఖాలు మసిలెక్క వచ్చినా ఏండ్లకేండ్లు పట్టించుకోలే. చాక్లెట్ కంపెనీలు, కట్టె సామాను అమ్మేటోళ్లు తమ సరుకు రంగు సరిగ వస్తలేదని మొర పెట్టుకున్నంకనే గోధుమ రంగుల మీద ధ్యాస పెట్టిండ్రని ఆ కంపెనీల పని చేసినోళ్లే చెప్పిండ్రు. మనుషుల మొర కంటె చాక్లెట్ మొర ముందుగాల వినవడ్డది! మన దేశంల ఫెయిర్ అండ్ లవ్లీ పేరుల కెళ్లి ఫెయిర్ అనే మాట తీసేసింది 2020ల. డబ్బా మీద పేరు మారింది, ఫోన్ల బ్యూటీ మోడ్ ఆ పని అందుకున్నది.

వేరే దేశాలల్ల చట్టాలు వచ్చినయి. ఫ్రాన్స్ ల 2017 అక్టోబర్ సంది ప్రకటనలల్ల మోడల్ ఒడ్డు పొడుగును సన్నగనో లావుగనో మారిస్తే ఫొటో మార్చినమని రాయాలె. నార్వేల 2022 జులై సంది ప్రకటనల ఒంటి ఆకారం, సైజు, చర్మం మారిస్తే గుర్తు పెట్టాలె, సోషల్ మీడియాల పైసలు తీసుకొని పోస్టులు పెట్టేటోళ్లు సుత. చూసి చూసి పిల్లలు తమ ఒంటిని తామే అసహ్యించుకుంటున్నరని వాళ్లకు సమజైంది.

స్టూడియో నడిపే తమ్ముండ్లకు ఒక మాట. మీ బతుకుదెరువు నేను ఎరుగుదు. గిరాకీ "జర తెల్లగ చెయ్యి" అంటే కాదనుడు కష్టమే. అయినా ఒక లెక్క పెట్టుకోవచ్చు. వారం పది రోజులల్ల పోయేది తీసెయ్యొచ్చు: మొటిమ, చెమట, చెదిరిన వెంట్రుక, పెదవి మీది పుండు. మనిషితోని ఉండేదాన్ని అడగకుండ ముట్టొద్దు: పుట్టుమచ్చ, పచ్చబొట్టు, గాయం గుర్తు, మేని రంగు. ముందుగాల ఉన్నరంగుల ప్రింటు చూపెట్టండ్రి. వెలుగు మంచిగ పడ్డ నల్లని మొఖం ఎంత కళగ ఉంటదో చూస్తే చానామంది వాళ్లే ఒప్పుకుంటరు.

చెయ్యవలసిన ఎడిటింగ్ ఒకటున్నది

మొఖం మసక చేసుడు కొన్నిసార్లు మన బాధ్యత. అత్యాచారానికి గురైన ఆడబిడ్డ, చిన్న పిల్లలు, వాళ్ల ఇల్లు, బడి గుర్తుపట్టేటట్టు ఫొటో పెట్టుడు చట్టం ప్రకారం నేరం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పోక్సో చట్టం 23వ సెక్షన్ అదే చెప్తయి. వాట్సాప్ గ్రూపుల "న్యాయం చెయ్యాలె" అని ఆ బిడ్డ ఫొటో తిప్పేటోళ్లు న్యాయం చేస్తలేరు. దొర మీద, కాంట్రాక్టర్ మీద సాక్ష్యం చెప్పే కూలి మనిషిని కాపాడెటందుకు సుత మొఖం మసక చెయ్యొచ్చు. కని మసక చేసినట్టు కనవడాలె. వేరే మొఖం అతికించొద్దు. దాచినం అని చూసేటోనికి తెలిస్తే అది మోసం గాదు.

మరి ఏం చెయ్యాలె?

నేను ఇప్పుడు పాటించేది చెప్తున్న. పైస ఖర్చు లేదు.

ఒకటి, అసలు ఫొటోను ముట్టొద్దు. కాపీ చేసుకొని దాని మీద పని చెయ్యాలె. ఎన్ని ఎడిట్లు చేసినా అసలుది ఇంకో జాగల భద్రంగ ఉండాలె.

రెండు, వాట్సాప్ ల ఫొటో లెక్క పంపితే సైజు తగ్గుతది. తీసిన తారీఖు, టైం, జాగ, ఫోన్ పేరు లాంటి లోపలి వివరాలు పోతయి. సాక్ష్యం ఫొటోను డాక్యుమెంట్ లెక్క పంపితే ఉన్నది ఉన్నట్టు పోతది. అయితే పైలం, జాగ వివరం ఎవలకు పోవద్దో వాళ్లకు పోకుండ చూసుకోవాలె.

మూడు, దూరం నుంచి ఒకటి, నడుమల ఒకటి, దగ్గర నుంచి ఒకటి తియ్యాలె. దూరం ఫొటోల గుడి, తూము, మత్తడి, కరెంటు స్తంభం నంబరు ఏదన్న ఒక గుర్తు పడాలె. అప్పుడు ఎక్కువ చూపెట్టెటందుకు ఎడిటింగ్ అవసరమే రాదు. నాకు ఆ పొద్దు దొరకని రెండు టిప్పర్లను ఫొటోల పెట్టే బదులు "మూడు చూసినం, ఒకటే ఫొటో దొరికింది" అని దరఖాస్తుల రాసి ముగ్గురం సంతకం పెడితే సరిపోతుండె. టిప్పర్ల టైరు అచ్చులు ఫొటో తీస్తే సరిపోతుండె.

నాలుగు, ఫొటో కింద రాత నిజంగ ఉండాలె. ఎడిట్ చెయ్యని ఫొటో సుత తప్పు రాతతోని అబద్ధం అయితది. నిరుడు ఇంకో జిల్లాల మునిగిన పంటను ఈ ఏడు మన ఊరి పంట అంటే ఏ యాప్ వాడకుండనే మోసం చేసినట్టు. ఎక్కడ, ఎప్పుడు, ఎవలు తీసిండ్రు, ఏం మార్చిండ్రు, నాలుగు ముక్కలు రాయాలె.

ఐదు, కోర్టు దాక పోయే ముచ్చట అయితే ఇంకా జాగ్రత్త. 2024 జులై 1 సంది నడుస్తున్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ల ఉన్న ఫొటోను సాక్ష్యంగ పెట్టాలంటే ఒక సర్టిఫికెట్ జోడించాలె. అండ్ల హ్యాష్ అనే ఒక పొడుగాటి నంబరు రాయాలె. అది ఫైలుకు వేలిముద్ర అసుంటిది. ఫొటోల ఒక్క చుక్క రంగు మారినా ఆ నంబరు మొత్తం మారిపోతది. అందుకే అసలు ఫైలు, కుదిరితే తీసిన ఫోన్, రెండూ దాచిపెట్టుకోవాలె.

అసలుది ఉన్నదా?

మా అవ్వ పటం మాట మిగిలింది. చిన్నమ్మ అట్లన్నంక నేను మళ్ల స్టూడియోకు పోయిన. "తమ్మీ, మేమిచ్చిన ఫొటో ఉన్నదా?" అని అడిగిన. "ఉన్నదన్నా, అసలు ఫైలు నేను ఎప్పుడూ పడగొట్ట" అన్నడు. దాంట్ల కెళ్లి వట్టి వెలుగు జర సరిచేసి కొత్త ప్రింటు తీసిచ్చిండు. ఇప్పుడు గోడ మీద ఉన్నది మా అవ్వనే. నల్లగ, గదుమ మీద మూడు చుక్కలతోని, ఎండకు కండ్లు చికిలించుకొని.

టిప్పర్ల ఫొటోకు ఆ అదృష్టం లేదు. ఆ పిలగాడు అసలుదాని మీదనే సేవ్ చేసిండు, నేను ఫోన్ నిండిందని పాతయన్నీ పడగొట్టిన. మూడు వారాలకు మళ్ల దరఖాస్తు పెట్టినం. సర్వే చేసేటోళ్లు వచ్చేసరికి మొరం సాపు చేసి రోలర్ తోని తొక్కించిండ్రు. ఇప్పుడు ఆ మూలకు హద్దురాళ్లు పాతి ఉన్నయి.

కట్ట మీదికి పోయినప్పుడల్ల అవి కనవడుతయి. పిలగాండ్లు ఎవలన్న ఫోన్ చేసి "అన్నా, ఫొటో తీసిన, జర ఎడిట్ చేసి పెట్టాల్నా?" అని అడిగితే, ముందుగాల అసలుది నాకు పంపు, డాక్యుమెంట్ లెక్క పంపు, మిగతాది తర్వాత మాట్లాడుదం అంట.